పదిహేడో నంబరు స్పానర్

హోసూరు దగ్గర అత్తిముగంలో నాగేశప్పను ఊరంతా ‘అనుమానం నాగేశప్ప’ అంటుంది. మొకం మీద అనరు గాని, పంటకు మందుకొట్టే మిషన్ పాడైతే ఆయన చేతికిచ్చి రోడ్డెక్కగానే అంటారు. మిషన్ తెచ్చినవాణ్ణి ఆయన ఊరికే నమ్మడు. “పెట్రోల్‌లో ఆయిల్ కలిపినావా లేదా? నిజం చెప్పప్పా, తిట్టనులే,” అని నిలదీస్తాడు. వాడు కలిపినానన్నా సరే, మూత తీసి వాసన చూసి, వేళ్ల మధ్య రుద్ది చూసి గాని పని మొదలుపెట్టడు. పాలు పోసే ఆమె అటు పోగానే చెంబును వెలుతురుకు వంచి చూస్తాడు. కండక్టర్ చెప్పిన బస్సు టైమును ఇంకో ఇద్దరిని అడిగి ఖాయం చేసుకుంటాడు.

అయినా బేరికె నుంచి సూళగిరి దాకా టమాటా, కొత్తిమీర పండించే రైతులు మిషన్లను ఆయన రేకుల షెడ్డుకే తెస్తారు. ఆయన బిగించిన నట్టు మళ్లీ వదులు కాదు. సాయంత్రం షెడ్డు మూసేముందు స్పానర్లన్నీ గోనెపట్ట మీద వరసగా పరిచి మూడుసార్లు లెక్కపెడతాడు. మూడుసార్లు ఎందుకప్పా అని ఎవరైనా అడిగితే, “ఎయిర్‌ఫోర్స్ అలవాటు,” అంటాడు. అంతకు మించి చెప్పడు.

తండ్రి కూలిమనిషి. సొంతానికి సెంటు నేల లేదు. పదో తరగతి దాటిన నాగేశప్ప, బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ భర్తీ జరుగుతోందని విని లారీ ఎక్కి పోయాడు. ఎంపికయ్యేదాకా ఇంట్లో చెప్పలేదు. ట్రైనింగ్ అయినాక అస్సాంలో ఒక రవాణా స్క్వాడ్రన్‌కు పంపారు. అది బాంబులు వేసే దళం కాదు, సరుకు మోసే దళం. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన ఏడాది పుట్టిందని, బంగ్లాదేశ్ యుద్ధంలో సైనికులను మోసిందని పాతవాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. నాగేశప్ప చేరేటప్పటికి దాని దగ్గర ముసలి డకోటా విమానాలున్నాయి. రోడ్డు లేని కొండల మీద పోస్టుల్లో ఉండే సైనికులకు బియ్యం, ఉప్పు, కిరసనాయిలు పైనుంచి వెయ్యడం వాటి పని. బియ్యం మూటను ఇంకో పెద్ద సంచిలో పెట్టి కుట్టి, పారాచూట్ లేకుండానే తోసేసేవాళ్లు. లోపలి సంచి పగిలినా బయటిది గింజ పోనివ్వదు. కిరసనాయిలు డబ్బాలు, బతికున్న మేకలు పారాచూట్‌తో దిగేవి. పదిగంటలు దాటితే లోయలను మబ్బు మూసేస్తుంది. అందుకని తెల్లవారేసరికే విమానాలు లేచిపోయేవి. నాగేశప్పది విమానం ఒంటిపని. రెక్కలు, తోక, వాటిని కదిలించే ఉక్కు తీగలు ఆయన చూసుకునేవాడు. ఇంజన్లు వేరేవాళ్లవి.

ఊరి పిల్లలకు మేకలు పారాచూట్‌తో దిగిన సంగతి ఒక్కటే చెప్పేవాడు. మిగతాది భార్య కదిరమ్మకు కూడా చెప్పలేదు.

ఈ ఏడాది మార్చిలో ఆయన ఫోనుకు తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, ముందు హిందీలో మొదలుపెట్టి, ఈయన పలకకపోయేసరికి తెలుగులోకి మారింది.

“నాగేశప్పన్నేనా? మీ పాత స్క్వాడ్రన్‌కు ఈ ఏడుతో అరవై ఏళ్లు నిండుతాయన్నా. దాని చరిత్ర పుస్తకంగా రాస్తా ఉండాను.” అని ఆయన సర్వీస్ నంబరు గడగడా చదివింది.

నాగేశప్ప చెవి నుంచి ఫోను కొంచెం దూరం జరిపి చూశాడు. ఆ నంబరు కదిరమ్మకు కూడా తెలియదు. పోలీసులమని, మిలిటరీ అని ఫోన్లు చేసి మోసం చేసేవాళ్ల గురించి హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు మోహన్‌రాజ్ రోజూ హెచ్చరిస్తూనే ఉంటాడు.

“నాగేశప్ప లేడు. నేను ఆయన తమ్ముణ్ణి,” అన్నాడు.

“ఎప్పుడొస్తారన్నా?”

“రాడు,” అని పెట్టేశాడు. ఆయనకు తమ్ముడే లేడు. రాగులు చెరుగుతున్న కదిరమ్మ చేట ఆపి మొగుడి వైపు చూసింది.

పదిరోజులకు రిజిస్టర్ పోస్టులో కవరు వచ్చింది. సంతకం పెట్టాలా వద్దా అని పోస్ట్‌మ్యాన్‌ను ఎండలో నిలబెట్టి ఆలోచించాడు. ముద్ర మీద ఊరి పేరు చదివాడు. చివరకు తీసుకుని, షెడ్డులోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుని చింపాడు. లోపల ఒక పెద్ద ఫోటో. డకోటా ముందు నాలుగు వరసల్లో నిలబడిన మనుషులు. ప్రతి తల పక్కన చిన్న అంకె, కింద పేర్లు. రెండు తలల పక్కన మాత్రం అంకెతోపాటు ఎర్రసిరాతో ప్రశ్నార్థకం వేసుంది. ఒకటి తనది. రెండోది తన భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నవాడిది, కావేరిపట్టణం రామచంద్రది.

ఉత్తరంలో ఒక్కటే అడిగారు. 1983 ఫిబ్రవరిలో జరిగిన సంఘటన గురించి మీకు గుర్తున్నది చెప్పగలరా అని.

నలభైరెండేళ్ల తర్వాత ఎందుకు తవ్వుతున్నారు? పెన్షన్ ఆపడానికా? లేక రామచంద్ర ఏదైనా కొత్త కథ అల్లి పంపించాడా? నాగేశప్ప అనుమానం రెండోదాని మీదే నిలిచింది. ఉత్తరం మడిచి పాత కార్బురేటర్ల డబ్బాలో అడుగున పెట్టాడు. జవాబు రాయలేదు.

ఆ ఫిబ్రవరిలో జరిగింది, నాగేశప్ప తనకు తాను ఇన్నేళ్లుగా చెప్పుకున్న ప్రకారం, ఇది.

ఒక సాయంత్రం ఆయన హ్యాంగర్‌లో, అంటే విమానాల షెడ్డులో, ఒక డకోటా తోక దగ్గర నేలపలక విప్పి, కంట్రోల్ తీగ బిగువు సరిచూశాడు. పలక మూసి, సామాన్లు లెక్కపెట్టి, ఫారం మీద సంతకం పెట్టాడు. ప్రతి ఫిట్టర్ సామాన్ల మీద వాడి నంబరు కొట్టి ఉంటుంది. ఈయనది పదిహేడు. మర్నాడు పొద్దున ఆ విమానం ఉప్పు, బియ్యం ఎత్తుకుని లేచింది. లోయలో రెండో చుట్టు తిరిగేటప్పుడు పైలట్ విమానం ముక్కు పైకెత్తబోతే చేతిలోని కంట్రోల్ కడ్డీ సగానికే వచ్చి ఆగిపోయింది. ఎదురుగా కొండ. ఇంజన్ల బలం మీదనే ఎట్లో పైకి లేపి, మిగిలిన మూటలన్నీ అడవిలో తోసేయించి, తిరిగొచ్చి దించి, రన్‌వే చివరి టీ తోట అంచుదాకా పోయి ఆపాడు. లోపల ఏడుగురున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నేలపలక విప్పితే, తీగ తిరిగే చక్రం పక్కన స్పానర్ ఇరుక్కుని ఉంది. దాని మీద పదిహేడు.

విచారణ జరిగింది. “నేను లెక్కపెట్టినాను, అన్నీ ఉండినాయి. నా పెట్టె తాళంచెవి యాడ పెడతానో రామచంద్రకు తెలుసు,” అని నాగేశప్ప చెప్పాడు. రామచంద్ర అప్పటికి నాలుగేళ్లుగా పక్కమంచం స్నేహితుడు. ఊరికి దూరంగా తెలుగు మాట్లాడేందుకు దొరికిన ఒకే ఒక్కడు. వారం తిరగకముందే రామచంద్ర చేతిమీది రెండు కార్పొరల్ పట్టీలు ఊడదీసి ఎడారి వైపు ఏదో స్టోర్‌కు బదిలీ చేశారు. నాగేశప్పకు ఉత్త హెచ్చరికే. వాడు తప్పు చెయ్యకపోతే ఎందుకు పంపిస్తారు? నా స్పానర్ వాడే తీసినాడు, యాడో పనికి వాడి, పలక కింద మరిచినాడు. ఇదీ నాగేశప్ప తీర్మానం. పోయేటప్పుడు రామచంద్ర ఈయనతో ఒక్క మాట మాట్లాడలేదు. అది కూడా తప్పు చేసినవాడి లక్షణమే అనుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ సర్వీసు ముగించుకుని ఒకే జిల్లాకు వచ్చారు. ధర్మపురి బస్సులో పోయేటప్పుడు కావేరిపట్టణం వస్తే, నాగేశప్ప అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు.

ఏప్రిల్ మొదట్లో అత్తిముగంలోకి తెల్లకారు ఒకటి వచ్చింది. ఫ్యాక్టరీల కోసం భూములు తీసుకుంటారని ఏడాదిగా పుకారు ఉంది కాబట్టి, కారు దిగినామె చేతిలో ఫైలు చూసి అప్పటికే నలుగురు గుమికూడారు. “కొలతలకు వచ్చినారా అమ్మా?” అని అడిగారు. ఆమె నాగేశప్ప ఇల్లు ఏదని అడిగింది. భూమి లేని నాగేశప్పతో ఈమెకు ఏం పని అని వాళ్లకు ఇంకా అనుమానం పెరిగి వెనకే వచ్చారు.

ఆమెకు నలభైఎనిమిదేళ్లు ఉంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, బొట్టు లేదు.

“నేను కావ్యశ్రీ అన్నా. ఫోను చేసినాను, ఉత్తరం రాసినాను. మీ తమ్ముడు మాట్లాడినారు,” అంది. నవ్వలేదు గాని గొంతులో నవ్వు వినబడింది. “బేరికె దగ్గర లింగప్ప కూతుర్ని. మీ స్క్వాడ్రన్‌లోనే విమానం నడిపి రిటైర్ అయినాను.”

లింగప్ప ఆ చుట్టుపక్కల పేరున్న రైతు. ఆయన కూతురు ఎయిర్‌ఫోర్స్‌కు పోయిందని నాగేశప్ప విన్నాడు. అయినా కుర్చీ వేయలేదు.

“అట్లయితే చెప్పు మేడం. మా హ్యాంగర్ తలుపు ఏ పక్కకు జరిగేది?”

“నేను పోయేటప్పటికి కొత్తది కట్టినారన్నా. పాతదాన్ని స్టోర్ చేసినారు.”

“రన్‌వే చివర ఏముండేది?”

“టీ తోట. ఇప్పుడూ ఉండాది. వానల్లో ఏనుగులు దిగుతాయి.”

“మాకు టీ పోసే ముసలాయన పేరేమి?”

“నాకు తెలీదు.”

తెలుసు అని ఉంటే అప్పుడే పంపించేసేవాడు. తెలీదన్నందుకు కుర్చీ లాగి వేశాడు. కదిరమ్మ మజ్జిగ తెచ్చింది. గుమ్మం ముందు నిలబడ్డవాళ్లను, “భూమి సంగతి కాదు, పోండప్పా,” అని పంపి, తాను తలుపు పక్కన కూర్చుంది.

“రామచంద్ర పంపించినాడా నిన్ను?” అన్నాడు నాగేశప్ప.

“లేదన్నా. ఆయన దగ్గరికి ముందే పోయినాను. ఏమీ చెప్పనన్నాడు. నాగేశప్పను అడుగు పో, అన్నాడు.”

“నన్నా? ఎందుకు?”

“అది తెలుసుకోవాలనే వచ్చినాను.”

నాగేశప్ప లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచాడు. మడతలు పడి పసుపెక్కిన అచ్చుకాగితం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. స్క్వాడ్రన్‌కు పాతికేళ్లు నిండినప్పుడు వేసిన చిన్న పుస్తకంలోనుంచి చింపి దాచుకున్న పేజీ అది. అందులో ఆ ఫిబ్రవరి సంగతి నాలుగు వాక్యాల్లో ఉంది. కార్పొరల్ రామచంద్ర నిర్లక్ష్యం వల్ల జరిగిన ప్రమాదాన్ని పైలట్ చాకచక్యంగా తప్పించాడని రాసుంది.

“చూసుకో. మీ పుస్తకమే చెప్తా ఉండాది. ఇంక నన్ను అడిగేదేముంది?”

కావ్యశ్రీ ఆ పేజీని చాలాసేపు చూసింది. “ఈ పేజీ నా దగ్గరా ఉండాదన్నా. దీన్ని అట్లే దించుకుని రాద్దామనే అనుకున్నాను. అంతలో అప్పటి ఇంజినీరింగ్ ఆఫీసర్ ఇంటివాళ్లు ఆయన డైరీలు నాకు పంపించినారు. ఆయన చనిపోయి మూడేళ్లయింది.” ఫైలులోనుంచి ఒక జిరాక్స్ తీసింది. “గొలుసుకట్టు ఇంగ్లీషు రాత. తెలుగులో చెప్తా, వినండి.”

ఆమె ఒక్కో వాక్యం ఆగి ఆగి చెప్పింది.

“నాగేశప్ప అన్నాడు, లెక్కపెట్టినాను, అన్నీ ఉన్నాయి, తాళంచెవి సంగతి రామచంద్రకు తెలుసు అని. రామచంద్ర అన్నాడు, నాగేశప్ప నా ఎదురుగానే లెక్కపెట్టినాడు, పదిహేడో నంబరు స్పానర్ నేను కళ్లారా చూసినాను, తర్వాత నేనే తీసుకుని మరిచి ఉంటాను అని. కాని మెడికల్ రూం రిజిస్టర్ చూస్తే, ఆ రోజు మధ్యాహ్నం రెండింటి నుంచి మర్నాడు పొద్దుటి దాకా రామచంద్ర నూటమూడు జ్వరంతో ఆడ పడుకుని ఉన్నాడు. హ్యాంగర్‌లో ఉన్నవాడు ఇంకొకడి పేరు చెప్తున్నాడు. లేనివాడు ఉన్నానంటున్నాడు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు రామచంద్ర పట్టీలు తీయక తప్పలేదు. నాగేశప్ప లెక్కపెట్టలేదని రుజువు లేక హెచ్చరికతో వదిలినాం. వాడు ఎందుకు అట్లా చెప్పినాడో మాత్రం నాకు అంతుపట్టలేదు.”

నాగేశప్ప ఆ కాగితం తీసుకుని, అక్షరాలు గుర్తుపట్టేవాడిలాగా అటూ ఇటూ తిప్పాడు.

“ఇది ఎవరైనా రాయొచ్చు,” అన్నాడు.

“రాయొచ్చు. రిజిస్టర్ కూడా చూసినాను. అదీ ఎవరైనా రాసుండొచ్చు. అన్నా, మీకు శిక్ష వేయాలని రాలేదు. ఎవరూ వేయరు. శిక్ష పడింది చూసి తప్పు రామచంద్రదే అని పాత పుస్తకంవాళ్లు రాసేసినట్టుండాది. ముప్పైఅయిదేళ్లుగా అచ్చులో ఒక మనిషి పేరు ఉండాది. అది తప్పయితే నా పుస్తకంలో మళ్లీ తప్పు వేయను.”

“పో మేడం. నాకు పని ఉండాది.”

ఆమె లేచి, జిరాక్స్ కాగితాన్ని మజ్జిగ గ్లాసు కింద పెట్టి వెళ్లింది.

నాగేశప్ప షెడ్డులోకి పోయాడు గాని మిషన్ ముట్టుకోలేదు. నూటమూడు జ్వరం. ఆ మాట దగ్గర ఏదో తగులుకుంది. రామచంద్రకు జ్వరం రావడం ఆయనకు గుర్తుంది. మధ్యాహ్నం మెడికల్ రూంకు పోయి చూశాడు కూడా. దుప్పటి కప్పుకుని వణుకుతూ రామచంద్ర ఒక మాట అన్నాడు. ఆ మాట ఏమిటి?

చోటు. చోటు పట్టు అన్నాడు.

ఆ సాయంత్రం క్యాంపు మైదానంలో తెర కట్టారు. ఎప్పుడూ హిందీ సినిమాలే వేసేవాళ్లు. ఆరునెలలకొకసారి ఒక దక్షిణాది సినిమా వచ్చేది. ఆ రోజు తమిళ సినిమా. దూరాల నుంచి వచ్చిన తమిళులూ తెలుగువాళ్లూ కేరళవాళ్లూ అందరూ ముందు వరసలకు కొట్టుకునేవాళ్లు. ‘ఆరింటికల్లా ఆర్డర్లీ కళ్లు గప్పి వచ్చేస్తాను, ముందర నాకు చోటు పట్టు నాగేశా’ అన్నాడు రామచంద్ర. నాగేశప్ప పలక మూసి, చీకటి పడుతోందని, పెట్టె మూత దిగ్గొట్టి, ఫారం మీద సంతకం గీకి, దుప్పటి చంకన పెట్టుకుని పరిగెత్తాడు. ఇద్దరికి చాలినంత దుప్పటి పరిచాడు. రామచంద్ర రాలేదు. సినిమా అయిపోయేదాకా ఆ చోటులోకి ఎవరినీ రానివ్వలేదు.

లెక్కపెట్టలేదు.

ఇన్నేళ్లూ ‘లెక్కపెట్టినాను’ అని ఎన్నిసార్లు అనుకున్నాడంటే, లెక్కపెట్టినట్టు కళ్లకు కట్టేది. పెట్టెలో ఒక్కొక్క స్పానర్ మెరిసేది. విచారణ గదిలో ఆఫీసర్లను చూడగానే నోటికి వచ్చిన మొదటి పేరు చెప్పాడు. ఆ తర్వాత ఆ పేరునే అనుమానించడం మొదలుపెట్టాడు. అనుమానం ఒక్కరోజు వదిలినా ఇది బయటపడుతుందని లోపల యాడో తెలిసే ఉండాలి.

పొద్దు వాలేసరికి కదిరమ్మ షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. “ఏమయ్యా, అన్నం తినవా?” అంది. ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

“స్పానర్ నేనే మరిచినాను,” అన్నాడు.

మొత్తం చెప్పాడు. సినిమా సంగతి చెప్పేటప్పుడు మాత్రం తల ఎత్తలేదు. తండ్రి చావు కబురో, తుఫానో అయితే చెప్పుకోవడానికి బాగుండేది. ఒక సినిమా కోసం ఏడుగురిని కొండకు కొట్టబోయినాను అని చెప్పడం కష్టమైంది.

కదిరమ్మ అంతా విని, “పెళ్లయిన కొత్తలో నువ్వు నా చెంగు ముడి కూడా విప్పి చూసేవాడివి, ఏం దాచినానో అని,” అంది. “నేనేం తప్పు చేసినానో అని ఏడ్చినాను. నాది కాదన్నమాట.”

ఆయన నేల మీది స్పానర్ తీసి గోనెపట్ట మీద పెట్టాడు.

“రేపు పో,” అందామె. “యాడికో నేను చెప్పాలా?”

మర్నాడు సూళగిరిలో బస్సెక్కి, కృష్ణగిరిలో మారి, పదకొండింటికి కావేరిపట్టణంలో దిగాడు. రామచంద్ర ఇల్లు అడగనక్కర్లేకుండానే తెలుసు. అనుమానించే మనిషి గురించి అన్నీ తెలుసుకుని పెట్టుకుంటాం కదా. దక్షిణ పెన్నా ఏటి వైపు పోయే వీధిలో ఇల్లు. భార్యాభర్తలు నిప్పట్లు, అంటే నూనెలో కాల్చిన బియ్యప్పిండి చెక్కలు, చేసి అంగళ్లకు వేస్తారు. ముందుగదిలో చాప మీద కూర్చుని రామచంద్ర నిప్పట్లను కవర్లలో సర్దుతున్నాడు. బక్కచిక్కిపోయాడు. కళ్లద్దాల మీదుగా చూసి, గుర్తుపట్టి, మళ్లీ కవరు వైపు తిరిగాడు.

“ఆమె వచ్చి పోయింది కదా,” అన్నాడు. “అందుకు వచ్చినావా?”

“అవును.”

“నన్ను ఏం చెప్పమని?”

“ఏమీ చెప్పమని కాదు.”

“మరి? పుస్తకంలో నీ పేరు వస్తాదని భయమా? నాగేశా, నీ సంగతి నాకు తెలుసు. నువ్వు ఊరికే రావు.” చేతిలో నిప్పట్టు విరిగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. “ఫోనులో ఏమైనా రికార్డు చేస్తా ఉండావా? జేబులోది తీసి ఈడ పెట్టు.”

నాగేశప్ప ఫోను తీసి చాప మీద పెట్టాడు. కూర్చోమని రామచంద్ర అనలేదు. నిలబడే ఉన్నాడు.

“ఆ పొద్దు నేను లెక్కపెట్టలేదు. నీకు చోటు పట్టాలని పరిగెత్తినాను.”

రామచంద్ర చేతులు ఆగాయి. లోపల మూకుడులో నూనె చిటపటలు వినిపిస్తున్నాయి.

“నాకు తెలుసు,” అన్నాడు. “మర్నాడు స్పానర్ దొరికిందని వినగానే తెలిసింది. రమ్మని తొందర పెట్టింది నేను. నా వల్లనే కదా నువ్వు మరిచిపోయింది అనుకున్నాను. ఇరవైనాలుగేళ్లు అప్పటికి. తప్పు ఇద్దరం పంచుకుంటే సగమైపోతాదనుకున్నాను. నా ఎదురుగానే లెక్కపెట్టినాడని, తర్వాత నేనే తీసి మరిచి ఉంటానని చెప్పినాను. మెడికల్ రూంలో రిజిస్టర్ ఉంటాదని బుద్ధికి తట్టలేదు.”

“రామచంద్రా…”

“ఉండప్పా. నేను బయటికి వస్తానే ఆ ఆఫీసర్ పిలిచి అడిగినాడు. నువ్వు వాడి కోసం అబద్ధం చెప్తా ఉండావు, వాడు నీ పేరే చెప్పినాడు, తెలుసా అని. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకంటే, చెప్తే నువ్వూ నేనూ ఒకటే అయిపోతాం. పట్టీలు పోతే పోనీ అనుకున్నాను. ఎడారిలో తొమ్మిదేళ్లు దుప్పట్లు లెక్కపెట్టినాను. విమానం మీద చెయ్యి పెట్టనివ్వలేదు. నా పెండ్లి అప్పుడు మావాళ్లకు, పట్టీలు ఎట్ల పోయినాయో చెప్పలేక తలవంచుకున్నాను. ఇప్పుడొచ్చి లెక్కపెట్టలేదంటావు.”

“తప్పయింది.”

“నాకెందుకు చెప్తావు? నాకు తెలిసిందే కదా. తెలియనివాళ్లకు చెప్పు.”

నాగేశప్ప వంగి, చాప మీది ఫోను తీశాడు. కావ్యశ్రీ నంబరుకు కొట్టి, లౌడ్‌స్పీకర్ పెట్టాడు. రామచంద్ర ఆ ఫోను వైపే చూస్తున్నాడు, ఇందులో ఏం మర్మం ఉందో అన్నట్టు.

“మేడం, నేను నాగేశప్పను, తమ్ముణ్ణి కాదు. రాసుకో. ఆ రోజు సామాన్లు నేను లెక్కపెట్టలేదు. సినిమాకు పోవాలని లెక్కపెట్టకుండానే సంతకం పెట్టినాను. స్పానర్ నేను మరిచిందే. రామచంద్ర హ్యాంగర్‌లో లేడు. ఆయన పేరు నేను ఊరికే చెప్పినాను, భయపడి.”

ఆమె రాసుకుని అడిగింది. “ఇది మీ పేరుతో వేయొచ్చా అన్నా?”

“నా పేరుతోనే వేయాలి. సర్వీస్ నంబరుతో.”

“రామచంద్రన్న ఎందుకు ఆ సాక్ష్యం చెప్పినారో ఏమైనా తెలిసిందా?”

నాగేశప్ప రామచంద్ర వైపు చూశాడు. రామచంద్ర అడ్డంగా తల ఊపాడు.

“అది ఆయన చెప్పాల్సింది మేడం,” అని పెట్టేశాడు.

లోపలినుంచి రామచంద్ర భార్య చిత్ర వచ్చి, నిలబడి ఉన్న మనిషినీ, కూర్చున్న మొగుడినీ చూసింది. “ఎవరు?” అని తమిళంలో అడిగింది. రామచంద్ర కొంచెం ఆలోచించి, “ఎయిర్‌ఫోర్స్‌లో నాతో ఉన్నాడు,” అన్నాడు. ఆమె నీళ్లిచ్చింది. నాగేశప్ప తాగి, పోయొస్తానన్నాడు. రామచంద్ర సరేనన్నాడు. అంతే. కవరు మూతి మడుస్తూ ఆయన తల ఎత్తలేదు.

ఊళ్లో కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి. నాగేశప్ప మీద ఏదో పాత కేసు ఉందట అని ఒకరు, లింగప్ప కూతురుతో కలిసి ఎవరి భూమో చూపిస్తున్నాడట అని ఒకరు. ఆయన ఎవరికీ సర్దిచెప్పలేదు. పెన్షన్ వచ్చే తేదీల్లో మాత్రం రెండు నెలలు బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూశాడు. ఎప్పటిలాగే వచ్చింది. మూడో నెల ఫోను చూడడం మరిచిపోయాడు.

సెప్టెంబరులో పుస్తకం వచ్చింది. మంచి దళసరి కాగితం, బోలెడు ఫోటోలు. డకోటాలు పోయి ఆంటొనోవ్‌లు వచ్చినవీ, వరదల్లో పొట్లాలు వేసినవీ, భూకంపాల్లో మనుషులను మోసినవీ అన్నీ ఉన్నాయి. 1983 దగ్గర ఒక పేజీ. నాగేశప్ప చెప్పింది చెప్పినట్టుగా వేశారు. దాని కింద, పాత ప్రచురణలో కార్పొరల్ రామచంద్ర మీద వేసిన నింద తప్పని, అందుకు చింతిస్తున్నామని, చెయ్యని తప్పు తనదని ఆయన ఎందుకు సాక్ష్యం చెప్పాడో ఇప్పటికీ తెలియదని విడిగా మూడు వాక్యాలు. కదిరమ్మ చదివి వినిపించమంది. ఆయన ఆ పేజీ ఇంగ్లీషును తెలుగు చేస్తూ ఒక్క మాట కూడా వదలకుండా వినిపించాడు. ఆమె విని, “పైలట్‌కు పిల్లలున్నారా?” అని అడిగింది. తెలియదన్నాడు. ఇన్నేళ్లలో ఆ ఏడుగురి గురించి ఎవరినీ అడిగి తెలుసుకోలేదని అప్పుడు తోచింది. కావ్యశ్రీని అడుగుతానన్నాడు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం షెడ్డులో ఉండగా ఫోను మోగింది. తెలియని నంబరు. కాస్సేపు చూసి ఎత్తాడు.

“పుస్తకం చూసినావా?” అవతల రామచంద్ర గొంతు.

“చూసినాను.”

“నా ఇంటిపేరు అక్షరం తప్పు వేసినారు. కె కదా నాది. ఆర్ వేసినారు.”

“ఆమెకు చెప్పేదా?”

“అచ్చయినాక ఏం చెప్తావులే.” గొంతు సవరించుకున్నాడు. “నా కూతురు చదివింది. నువ్వెందుకు అట్ల చెప్పినావు నాయనా, అని రెండురోజులుగా అడుగుతా ఉండాది. ఇద్దరం కూర్చుని చెప్తే గాని దానికి అర్థం కాదు.”

నాగేశప్ప చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. ఏమన్నా తప్పుగా పడుతుందేమోనని భయపడ్డాడు.

“సూళగిరిలో దిగి మీ ఊరికి ఏ బస్సు ఎక్కాలప్పా?” అన్నాడు రామచంద్ర. “కండక్టర్లను నమ్మలేను. నువ్వే చెప్పు.”